బుధవారం పూట వెలిగే లైటు

మా సిడ్నీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మొన్న ఆదివారం పొద్దున ఒక మెసేజ్ వచ్చింది. 'పాతరోజుల్లో స్కోఫీల్డ్స్‌లో కార్లు చూసే అంకుల్ గుర్తున్నారా? డార్విన్‌లో పోయారట.' అంతే. పేరు లేదు. దాని కింద వరసగా దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి ఫోను నిండా చేతులే. మధ్యలో ఒకాయన 'ఏ అంకుల్?' అని అడిగాడు. 'అదేనండీ, కార్ అంకుల్' అన్నాడు ఇంకొకాయన. 'ఓ, ఆయనా, చాలా మంచివాడు' అని మొదటాయన కూడా రెండు చేతులు జోడించాడు. ఆ వెంటనే ఎవరో కెల్లీవిల్‌లో ఇల్లు అద్దెకుందని ఫొటోలు పెట్టారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ చేతులు జోడించినవాళ్ళలో కనీసం పదిమందిని నేను బాగా ఎరుగుదును. ఒకప్పుడు ఆయన ఆ చేతులనే ఒక్క సంతకం అడిగాడు. ఒక్కటీ కదల్లేదు. ఇప్పుడు ఫోను మీద బొటనవేలు ఆడించడానికి మాత్రం ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. నేనూ నొక్కాను. నొక్కిన తరవాతే కోపం వచ్చింది. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఇక్కడ నేను తిట్టబోయే తిట్లలో పెద్ద వాటా నాదే.

ఆయన పేరు నేనూ రాయను. ఇరవై ఏళ్ళకు పైగా ఎవరికీ అవసరం పడని పేరును ఇప్పుడు నివాళి పెట్టుకోవడానికి తేరగా ఎందుకివ్వాలి? కావలసినవాళ్ళు కనుక్కోండి. నేను కనుక్కున్నాను.

మనిషి పొట్టి, గట్టి. యాభై దగ్గర పడ్డ వయసు. కారు దగ్గరికి రాగానే చేతి గడియారం విప్పి చొక్కా జేబులో వేసుకునేవాడు. చంకలో ఎప్పుడూ ఒక పాత పేపరు ఉండేది. మన సీటు మాయకుండా దాన్ని పరిచి, దాని మీద కూర్చునేవాడు. అదీ డ్రైవరు సీట్లో కాదు, పక్క సీట్లో. అంత తొందరగా బానెట్ ఎత్తేవాడు కాదు. మనం బయట నిలబడి, ఎప్పుడెత్తుతాడా అని చూస్తూ ఉంటే, లోపలికొచ్చి కూర్చోమని సైగ చేసేవాడు. కూర్చున్నాక ఒకటే ప్రశ్న.

"లైటు వెలిగింది గదా. ఆ పూట ఏం చేసినావు?"

ఎవరి కారైనా, ఏ రోగమైనా అదే ప్రశ్న. ఏమీ చేయలేదంటే మళ్ళీ అదే అడిగేవాడు. వానలో నడిపావా, ఎత్తెక్కావా, ఎవరికైనా అరువిచ్చావా, ఏసీ వేశావా అని ఆయన అడిగేవాడు కాదు. మనమే తలుచుకుని చెప్పాలి. చెప్పలేకపోతే పేపరు మడిచి చంకలో పెట్టుకుని దిగిపోయేవాడు. ఇంజనీర్లం, బ్యాంకుల్లో ప్రోగ్రాములు రాసేవాళ్ళం, కారు మెకానిక్కు ముందు బడి పిల్లల్లా నీళ్ళు నమలడం మాకు ఎంత నామోషీగా ఉండేదో! ఆయన వెనక మేమంతా 'ఆ పూట అంకుల్' అని నవ్వుకునేవాళ్ళం.

కడప జిల్లాలో ఒక బస్సు డిపోలో ఇరవై రెండేళ్ళు పనిచేసి ఫోర్‌మన్ అయినవాడు. ఆయన భార్య, మా అందరికీ ఆంటీ, నర్సు. స్కిల్డ్ వీసా ఆవిడకొచ్చింది, ఆయన ఆవిడ వెంట డిపెండెంటుగా వచ్చాడు. ఇక్కడ మెకానిక్కుగా పనిచేయాలంటే ఇక్కడి సర్టిఫికెట్ ఉండాలి. అది లేదు కనుక వారమంతా ఒక కార్ వాష్‌లో బళ్ళు తుడిచేవాడు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలిగిన మనిషి అద్దాలకు సబ్బు నురగ రాస్తూ బతికాడు. శని, ఆదివారాలు మాత్రం ఇంటి పక్కన రేకుల కప్పు కింద మా కార్లు చూసేవాడు. అప్పట్లో స్కోఫీల్డ్స్ అంటే గుర్రాలు మేసే బీళ్ళు, ఒక రైల్వే స్టేషన్, అక్కడక్కడ పాతకాలపు రేకు ఇళ్ళు. అద్దె చవకని అంత దూరం వెళ్ళి ఉన్నాడు. ఇప్పుడు మేమంతా ఆ బీళ్ళలోనే గోడకు గోడ ఆనించి కొత్త ఇళ్ళు కట్టుకున్నాం.

కొత్త పార్టు వేయాల్సొస్తే దాని ఖరీదు మాత్రం తీసుకునేవాడు. పనికి ఏమీ తీసుకునేవాడు కాదు. ఇస్తే, ఒక పెట్టె పేపర్ క్లిప్పులు తెచ్చిపెట్టు చాలు అనేవాడు. ఆ రోజుల్లోని జపాన్ కార్లలో బానెట్ కింద ఒక చిన్న నల్ల డబ్బా ఉండేది. దాని మూత తీసి, క్లిప్పును సాగదీసి రెండు కన్నాల మధ్య గుచ్చితే, డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు మిణుకు మిణుకుమంటూ తప్పు ఏమిటో లెక్కగా చెప్పేది. ఆయన పెదాలు కదుపుతూ, వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంటూ దాన్ని చదివేవాడు. సాయంత్రం అసరు నమాజు వేళకు పని ఆపి, బట్టల సబ్బు పొడితో మోచేతుల దాకా గ్రీజు తోముకుని లోపలికి వెళ్ళేవాడు. పదిహేను నిమిషాల తరవాత వచ్చి సరిగ్గా వదిలిన చోటే మొదలుపెట్టేవాడు.

పండగ మీటింగులకు ఆయన్ని పిలిచేవాళ్ళం. ఎందుకు పిలిచేవాళ్ళమో ఇప్పుడు సిగ్గు లేకుండా చెప్పుకోవాలి. స్కూలు హాల్లో ఆయన పులిహోర ప్లేటు పట్టుకుని కుర్చీ వెతుక్కుంటూ ఉంటే ఎవరో ఒకరు వెళ్ళి, "అంకుల్, ఒక్క నిమిషం" అనేవారు. కార్ పార్కులో ఒక కారు చూశాక ఇంకో కారు, దాని తరవాత మరోటి. ప్లేటు ఎవరి కారు పైకప్పు మీదో చల్లారిపోయేది. లోపల పిల్లల డాన్సులు అయిపోయి, వందన సమర్పణ కూడా అయిపోయేది. ఆ వందనాల్లో సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చినవాడి పేరుండేది, ఈయనది ఉండేది కాదు. నేను కూడా ఆయన్ని రెండుసార్లు అలా బయటికి తీసుకెళ్ళాను. రెండోసారి ఆయన చేతిలో ప్లేటు నేనే తీసుకుని పక్కన పెట్టాను. అది మర్యాద అనుకున్నాను, వెధవని.

నేను సిడ్నీ వచ్చింది వై టూ కే పని మీద, రెండువేల సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లలో తేదీలు దిద్దడానికి. నార్త్ రైడ్‌లో ఆఫీసు, వెస్ట్‌మీడ్‌లో ఇల్లు. పాత తెల్లకారు ఒకటి కొనుక్కున్నాను. కొన్న రెండు నెలలకు చెక్ ఇంజిన్ లైటు మొదలైంది. ఏదో ఒక బుధవారం పొద్దున మోటార్‌వే ఎక్కగానే వెలిగేది. బండి కుంటేది, ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగిపోయేది, వెనక హారన్లు. ఆఫీసుకు ఆలస్యంగా వచ్చే కాంట్రాక్టు ఉద్యోగిని అక్కడ రెండోసారి క్షమించరు. ఒక గ్యారేజీవాళ్ళు పొగ గొట్టం దగ్గర సెన్సర్ మార్చారు. లైటు పోయింది, ఎనిమిదో రోజు మళ్ళీ వచ్చింది. ఇంకో గ్యారేజీవాళ్ళు అదే సెన్సర్ మళ్ళీ మార్చారు. అప్పుడు మా రూమ్మేటు ఒక చిట్కా చెప్పాడు. బ్యాటరీ తీగ ఊడదీసి, కాసేపాగి మళ్ళీ తగిలిస్తే లైటు ఆరిపోతుందట. నిజంగానే ఆరిపోయింది. అలా ఆర్పుకునే, ఎందుకైనా మంచిదని స్కోఫీల్డ్స్ తీసుకెళ్ళాను.

ఆయన క్లిప్పు గుచ్చి చూశాడు. లైటు ఏ లెక్కా లేకుండా ఊరికే మిణుకుమంది.

"బ్యాటరీ పీకినావా?"

"అవునంకుల్. లైటు పోతుందని..."

"సాక్షిని చంపేసి, తప్పెవడిదో చెప్పమని నాకాడికి తెస్తాండావు. పో నాయనా. మల్లా వెలిగినాక రా. వెలిగింది వెలిగినట్టే తీస్కరా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ బుధవారం మళ్ళీ వెలిగింది. శనివారం వెళ్ళాను. ఆయన కణుపులు లెక్కపెట్టి, ఇంజనుకు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ పెట్రోలు అందుతోందన్నాడు. సెన్సర్లు పాపం నిజమే చెబుతున్నాయట, వాటిని మార్చి లాభం లేదట. తరవాత మామూలుగానే, ఆ పూట ఏం చేసినావు అని అడిగాడు. ఏమీ చేయలేదన్నాను. ముందురోజు? ముందురోజూ ఏమీ లేదన్నాను. ఆయన ఒక తెల్లకాగితం మీద గీతలు గీసి ఇచ్చాడు. పద్నాలుగు రోజులు, రోజూ కారుతో ఏమేం చేశానో రాయాలి.

నేను రాయలేదు. పదమూడు రోజులు దాన్ని డాష్‌బోర్డు అరలో పడేసి, ఆఖరి సాయంత్రం ఒక్క బిగిన కూర్చుని అన్నీ నింపేశాను. ఆయన కాగితం తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఒకే పెన్ను, ఒకే రాత. పద్నాలుగు దినాలు రోజూ రాసినావా?"

"రోజూ రాశానంకుల్."

ఆ కాగితంలో ఒక్కటి మాత్రం నిజం, లైటు వెలిగింది రెండుసార్లూ బుధవారమేనని. ఆయన దాన్ని గోటితో గీటి, వచ్చే మంగళవారం సాయంత్రం నీతోపాటు తిరుగుతానన్నాడు. మంగళవారం కార్ వాష్ నుంచి తడి బూట్లతో నేరుగా వచ్చి, పేపరు పరుచుకుని పక్కన కూర్చున్నాడు.

ఆ రోజుల్లో మంగళవారం పెట్రోలు చవక. మనవాళ్ళందరం ఆ సాయంత్రమే సర్వోల దగ్గర, అంటే ఇక్కడి పెట్రోలు బంకుల దగ్గర, క్యూ కట్టేవాళ్ళం. నేనూ కట్టాను. గొట్టం పెట్టాను, క్లిక్కుమంది. మళ్ళీ నొక్కాను, క్లిక్కుమంది. మళ్ళీ నొక్కాను. తరవాత, మా భీమవరంలో స్కూటర్‌కు చేసినట్టే, తుంటి ఆనించి కారును నాలుగుసార్లు ఊపాను. లోపల గాలి బయటికొచ్చి ఇంకో అర లీటరు పడుతుంది. ఎవరో నేర్పింది కాదు, పుట్టినప్పటినుంచీ చూసిందే. మూతి దాకా పెట్రోలు కనబడేవరకు పోసి, మూత బిగించి తిరిగి చూసేసరికి ఆయన కారు దిగి నిలబడి ఉన్నాడు. మొహం కందగడ్డలా ఉంది.

సర్వోలో ఉన్న తెల్లవాళ్ళూ మనవాళ్ళూ అందరూ తిరిగి చూసేలా తిట్టాడు. చదువుకున్నావా, గాడిదలు కాశావా అన్నాడు. ట్యాంకులో ఆ చివరి ఖాళీ ఆవిరి కోసం వదిలిందట. ఆ ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బా ఒకటి కారులో ఉంటుందట. నేను గొంతుదాకా పోసి ఊపినప్పుడల్లా పెట్రోలు ఆ డబ్బాలోకి దిగి బొగ్గు నానిపోతోంది. పొద్దున బండి తీయగానే ఇంజను ఆ పచ్చి పెట్రోలు పీల్చి ఉక్కిరిబిక్కిరవుతోంది. లైటు వెలిగేది అందుకు.

"ఆ పూట ఏం చేసినావని ఎన్నిసార్లు అడిగినా? ఏమీ చేయలేదంటివే!"

"ఇది చేయడం అనుకోలేదంకుల్."

"అది క్లిక్కుమనేది నీకు చెప్పేదానికే. చెప్పినాక చెయ్యి తీసెయ్యాల."

పాత కార్లు విడగొట్టే యార్డుకు వెళ్ళి అలాంటి కారులోంచి మంచి బొగ్గు డబ్బా ఊడదీసుకొచ్చాడు. రెండు శనివారాలు కింద పడుకుని గొట్టాలన్నీ విప్పి, ఆరబెట్టి, బిగించాడు. నేను పక్కన నిలబడి టార్చి పట్టుకున్నాను. అది డిసెంబరు మొదటివారం. నేను ఆ కారు మరో ఆరేళ్ళు నడిపాను. లైటు మళ్ళీ వెలగలేదు.

రెండువేల సంవత్సరం జనవరి ఒకటో తేదీ వచ్చింది, వెళ్ళింది. ఏ బ్యాంకూ కూలలేదు, ఏ విమానమూ పడలేదు. అప్పటినుంచి మమ్మల్ని చూసి నవ్వడం మొదలైంది. ఆఫీసులో మేనేజర్లు నవ్వారు, పక్కింటివాళ్ళు నవ్వారు, మనవాళ్ళలో వేరే పనులు చేసేవాళ్ళు కూడా నవ్వారు. లేని దయ్యాన్ని చూపించి డాలర్లు దండుకున్నామన్నారు. ఏడాదిన్నర పాటు లక్షల లైన్లు వెతికి, తేదీలు దిద్ది, కళ్ళు పోగొట్టుకున్న పని మీద నాకే అనుమానం వచ్చింది. ఒక శనివారం ఆయన దగ్గర ఆ మాటే అన్నాను.

"ఏమీ కాలేదంటే పని జరిగినట్టే నాయనా. డిపోలో నా బస్సులు దోవలో ఆగకపోతే, నేను నిద్రపోయినానని అర్థమా? నువ్వు చేసిన పని నువ్వే లేదంటే ఎట్ల?" అన్నాడు.

ఆస్ట్రేలియాలో నా పనిని పని అని ఒప్పుకున్న మొదటి మనిషి ఆయన. ఆ వారమంతా నేను తల ఎత్తుకుని తిరిగాను. ఈ మాట ఇక్కడ ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఆ ఏడాది చలికాలంలో ఆయన మా ఇంటికొచ్చాడు. అదే మొదటిసారి, అదే చివరిసారి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో పాత పేపరుకు బదులు నీలం ఫైలు పెట్టుకుని వచ్చాడు. అప్పటికి నాకు పెళ్ళై మా ఆవిడ వచ్చి రెండు నెలలు. కాఫీ ఇచ్చింది. ఆయన సోఫాలో కూర్చోలేదు, డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీ లాక్కుని ఫైలు తెరిచాడు.

మెకానిక్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టుకున్నాడట. డిపో కాగితాలన్నీ ఇచ్చాడట. ఈ దేశంలో చేసిన పనికి కూడా రుజువు చూపించాలన్నారట. ఎవరి బండి, ఏం తప్పు, ఎట్లా కనిపెట్టాడు, ఏం చేశాడు, మళ్ళీ వచ్చిందా లేదా. బండికి ఒక కాగితం. కింద యజమాని సంతకం, ఫోన్ నంబరు. వాళ్ళు ఫోన్ చేసి అడుగుతారు. పది కాగితాలు కావాలట. డబ్బు తీసుకోకుండా తెలిసినవాళ్ళకు చేశానని రాశాను, అది నిజమే కదా అన్నాడు. అన్నీ తనే రాసి తెచ్చాడు, మనం చదువుకుని సంతకం పెడితే చాలు.

ఆ కాగితాన్ని నేను ముట్టుకోలేదు. ఎందుకో ఇప్పుడు చెబుతాను, అప్పుడు ఎవరికీ చెప్పలేదు. నాకు ఈ ఉద్యోగం వచ్చేనాటికి ఉన్న అనుభవం పదకొండు నెలలు. నా రెజ్యుమేలో ఉన్నది నాలుగేళ్ళు. మిగతా మూడేళ్ళకు హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీవాడు లెటర్‌హెడ్ మీద అచ్చేసి ఇచ్చాడు. ఆ కంపెనీకి బోర్డు లేదు, కుర్చీ లేదు, ఒక ఫోను ఉండేది. ఎవరైనా ఫోన్ చేస్తే అవునని చెప్పడానికి. ఇక్కడే స్థిరపడటానికి పెట్టుకున్న నా పీఆర్ దరఖాస్తు ఆ కాగితంతోటే లోపల ఉంది. ప్రభుత్వం వాళ్ళు నాకు ఫోన్ చేయడం, నా పేరు రాసుకోవడం, ఆ పేరు పట్టుకుని ఇంకో ఫైలు తీయడం అంతా నాకు కళ్ళ ముందు కనిపించింది. నేనొక్కణ్ణే కాదు. ఆయన అడిగిన పదిమందిలో ఆరేడుగురివి అలాంటి కాగితాలే. మేం ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోకపోయినా అందరికీ తెలుసు. లేని అనుభవానికి కాగితాలు పుట్టించుకుని విమానమెక్కినవాళ్ళం, కళ్ళ ముందు కనిపిస్తున్న అనుభవానికి ఒక్క సంతకం పెట్టలేకపోయాం.

పీఆర్ ఫైలు నడుస్తోంది అంకుల్, దేనిమీదా సంతకం పెట్టొద్దని లాయరు చెప్పాడు అన్నాను. నాకు లాయరే లేడు.

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది. మూడోసారి నొక్కిన పెట్రోలుకు అంత తిట్టిన మనిషి, ఈసారి కాగితం ఫైల్లో పెట్టి తాడు కట్టుకున్నాడు. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ అడిగాడు.

"నీ బండి ఎట్లుండాది? మల్లా వెలిగిందా?"

"లేదంకుల్. ఒక్కసారి కూడా వెలగలేదు."

"అట్లయితే సరే" అని వెళ్ళిపోయాడు.

తలుపు వేసి వచ్చేసరికి మా ఆవిడ కాఫీ కప్పు చూపించింది. ఆయన సగమే తాగాడు. "ఆయన అడిగింది మీ ఆస్తి కాదు కదండీ, జరిగింది జరిగినట్టు చెప్పమన్నాడు" అంది. నీకేం తెలీదు ఊరుకో అన్నాను. ఆవిడ ఊరుకుంది. ఆ రోజు నన్ను ఊరుకోనివ్వకుండా ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాను. అదీ నా పిరికితనమే, తప్పును ఆవిడ మీదికి నెట్టడం.

పదికి పది కాగితాలూ సంతకం లేకుండానే మిగిలాయని తరవాత తెలిసింది. మరుసటి ఏడాది ఆంటీకి డార్విన్ ఆసుపత్రిలో ఉద్యోగం దొరికితే ఇద్దరూ వెళ్ళిపోయారు. మా ఒక్కరికీ చెప్పలేదు. ఒక శనివారం ఎవడో లైటు వెలుగుతున్న కారుతో వెళ్ళి, రేకుల కింద ఏమీ లేదని చెప్పాడు. 'చెప్పకుండా వెళ్ళిపోయాడేంటి, మర్యాద లేకుండా' అన్నవాళ్ళున్నారు. నేను విన్నాను. విని నోరు మూసుకున్నాను. డార్విన్‌లో కూడా ఒక వర్క్‌షాపులో హెల్పరుగానే చేశాడని, తన సగం వయసున్న కుర్రాళ్ళకు స్పానర్లు అందించాడని ఆ తరవాత ఎప్పుడో విన్నాను. నాకు మాత్రం పీఆర్ వచ్చింది. సిటిజన్‌షిప్ వచ్చింది. ఎవరూ, ఎప్పుడూ, ఎక్కడికీ ఫోన్ చేయలేదు.

మొన్న ఆ మెసేజ్ పెట్టినతన్ని అడిగి ఆంటీ నంబరు తీసుకున్నాను. ఫోన్ చేసి నా పేరు చెప్పాను. ఆవిడకు గుర్తు రాలేదు. వెస్ట్‌మీడ్ అన్నాను, తెల్లకారు అన్నాను. "బుధవారం లైటా?" అంది. ఆయన మమ్మల్నందరినీ అలాగే గుర్తుపెట్టుకున్నాడట. ఆ ఫైలు ఇంకా ఉందంది. సిడ్నీ నుంచి డార్విన్ వెళ్ళేటప్పుడు పారేయమంటే, వద్దు, చేసిన పని అది అన్నాడట. నా కాగితం వెతికి ఫొటో తీసి పంపింది. ఎందుకూ అని అడగలేదు.

ఇంగ్లీషులో, పెద్ద పెద్ద అచ్చక్షరాల్లో ఉంది. తప్పు: ఇంజనుకు పెట్రోలు ఎక్కువ అందుట, లైటు మళ్ళీ మళ్ళీ వెలుగుట. కారణం: పెట్రోలు ఆవిరి డబ్బా నానుట. చేసిన పని: డబ్బా మార్చి, గొట్టాలు శుభ్రం చేసి ఆరబెట్టుట. అన్నీ నిజాలు, ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఎట్లా కనిపెట్టాడు అన్నచోట మాత్రం ఇలా ఉంది: యజమాని పద్నాలుగు రోజులు ప్రతిరోజూ జాగ్రత్తగా రాసి ఇచ్చాడు. ఆయన సహాయం వల్లనే దొరికింది.

ఒకే పెన్నుతో ఒకే సాయంత్రం రాశానని ఆయనకు ఆ రోజే తెలుసు. తెలిసీ అలా రాశాడు. ఆ కాగితంలో ఉన్న ఒకే ఒక్క అబద్ధం నా గురించి, నా పరువు కోసం. నేను చదివి సిగ్గుపడకుండా సంతకం పెట్టగలగాలని రాసి ఉంటాడు. దాన్ని ఆ రోజు నేను చదవను కూడా లేదు. కోపం తట్టుకోలేక ఆయన్ని కూడా తిట్టుకున్నాను. లైటు ఆర్పుకొచ్చినందుకు నన్ను వెనక్కి పంపిన మనిషి, నా అబద్ధాన్ని మాత్రం తన చేత్తో ఎందుకు ఆర్పాడు?

ఆ ఫొటోను ప్రింటు తీశాను. ఆ రెండు వాక్యాలూ అడ్డంగా కొట్టేశాను. పైన నా రాతతో రాశాను: 'యజమాని అబద్ధం చెప్పాడు. ఆయన కారులో పక్కన కూర్చుని, తనే చూసి కనిపెట్టారు. ఆరేళ్ళు నడిపాను, లైటు మళ్ళీ వెలగలేదు.' కింద సంతకం పెట్టి, ఫోన్ నంబరు వేశాను. మర్నాడు పోస్టాఫీసుకు వెళ్ళి ఆంటీ పేరున డార్విన్‌కు పంపాను. అప్పటినుంచి తెలియని నంబరు ఏది మోగినా ఎత్తుతున్నాను.